చేపల తొట్టెలో నీటిమొక్కలు – వడపోత యంత్రపు పీల్పు మూతి

మన కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాల ఎదుట, మెట్ల ప్రక్కన ఉన్న గాజు తొట్టెను చూడకుండ తరగతికి పోయిన విద్యార్థి ఉండడు. ఉర్దూ మాధ్యమపు మిత్రులు దానిని 'మచ్లీ ఘర్' అందురు, తెలుగు మాధ్యమమువారు 'చేపల తొట్టె' అందురు. పేరు ఏదైనను విరామ సమయమున ఇరువర్గములవారును దాని చుట్టూనే గుమిగూడుదురు. అట్టి తొట్టెనుండి పచ్చని మొక్కలన్నిటిని తీసివేసి, వాటి స్థానమున ప్లాస్టిక్ మొక్కలను నాటవలెనని గత సంవత్సరము ఒక సూచన వచ్చినది. ఆ సూచనకు కారణము లేకపోలేదు. అందుకు దారితీసిన పొరపాటు మాదే గనుక, దానిని దాచకుండ చెప్పి, పిమ్మట మేము నేర్చుకొన్నది మనవి చేయుచున్నాము.

దసరా సెలవులకు ముందురోజు సాయంకాలము తొట్టెను అందముగా ఉంచి పోవలెనను ఉత్సాహముతో మేము వాలిస్నేరియా ఆకులను కత్తెరతో జానెడు మేర కత్తిరించినాము. పైకి తేలిన ముక్కలలో కంటికి కనబడినవాటిని తీసివేసి తలుపు వేసినాము. సెలవులు ముగిసి వచ్చి చూడగా, వడపోత యంత్రపు మోటారు ఎప్పటివలెనే గుయ్యిమనుచున్నది, కాని దానినుండి వెలువడు నీటిధార దారమంత సన్నగా ఉన్నది. చేపలు నీటి పైభాగమునకు చేరి మూతులు తెరచి మూయుచున్నవి. ఏడు గప్పీలు, ఒక నల్లని మోలీ చనిపోయి ఉన్నవి. పీల్పు గొట్టమును పైకి తీసి చూచితిమి గదా, దాని మూతికి సగము కుళ్ళిన ఆకులు తడిగుడ్డ చుట్టినట్లు చుట్టుకొని ఉన్నవి!

చూచినవారందరు మొక్కలను నిందించిరి. మేమును మొదట అట్లే అనుకొన్నాము.

మా తొట్టె పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 38. అనగా రమారమి 100 లీటర్ల నీరు పట్టును. యంత్రము గంటకు 600 లీటర్ల నీటిని తోడునట్టిది. తొట్టెలోని నీరు గంటకు ఆరుమారులు వడపోతకు లోనగునని లెక్క. ఈ వడపోత కేవలము మురికిని పట్టుకొనుటకే అని చాలమంది భావింతురు. అది అసలు పనిలో చిన్న భాగము మాత్రమే. చేపల మొప్పలనుండి, మలమునుండి, మిగిలిపోయిన మేతనుండి అమోనియా పుట్టును. అది చేపలకు విషము. వడపోత యంత్రములోని స్పాంజిపై నివసించు సూక్ష్మజీవులు ఆ అమోనియాను నైట్రైటుగను, నైట్రైటును నైట్రేటుగను మార్చును. మొదటి రెండును ప్రమాదకరములు, మూడవది చాలవరకు నిరపాయము. నైట్రైటును మార్చు పని నైట్రోబాక్టర్ అను జీవిదని మన పాఠ్యగ్రంథములు చాలకాలము చెప్పినవి. చేపల తొట్టెలలో ఆ పనిని ముఖ్యముగా చేయునది నైట్రోస్పైరా అని 1998లో వెలువడిన పరిశోధన తెలిపినది. పరీక్షలలో పాత సమాధానము వ్రాసినను మార్కులు పోవనుకొందుము, కాని ఈ సంగతి తెలిసియుండుట మంచిది.

ఈ సూక్ష్మజీవులకు ప్రాణవాయువు ఎడతెగక అందవలెను. వాటికి దానిని మోసికొని వచ్చునది ప్రవహించు నీరే. పీల్పు మూతి మూసికొనిపోయినచో ప్రవాహము ఆగును, ప్రవాహము ఆగినచో స్పాంజిలోని జీవులు నశించును, అమోనియా పెరుగును. అదే సమయమున యంత్రమునుండి పడు ధార నీటి ఉపరితలమును కదిలించుట కూడ ఆగిపోవును గనుక గాలినుండి ప్రాణవాయువు కరగుట తగ్గును. మన విశాఖపట్టణపు వేడిమిలో ఇది మరింత కష్టము. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగలదు, 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు మించదు. రాత్రివేళ మొక్కలు కూడ చేపలవలెనే ప్రాణవాయువును వాడుకొనును. కాబట్టి మొక్కలు దట్టముగా ఉన్న తొట్టెలో యంత్రము ఆగినచో తెల్లవారుజామున ప్రమాదము తప్పదు.

అట్లయిన మొక్కలు లేకున్ననే మేలు కదా యని అడుగవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము కొరకు నూట డెబ్బది ఏండ్లు వెనుకకు పోవలెను. లండను నగరపు రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ ఒక పాత్రలో రెండు చిన్న బంగారు చేపలను, వాలిస్నేరియా మొక్కను కలిపి పెంచి, మొక్క విడుచు ప్రాణవాయువు చేపలకును, చేపలు విడుచు బొగ్గుపులుసు గాలి మొక్కకును ఉపయోగపడునని 1850లో ప్రకటించినాడు. ఆయనకును మా ఇబ్బందియే కలిగినది. వాలిస్నేరియా ముదురాకులు కుళ్ళి నీరు మసకబారినది. ఆయన మొక్కను పెరికివేయలేదు. చెరువు నత్తలను తెచ్చి వేసినాడు. అవి కుళ్ళిన ఆకులను తిని నీటిని తేటపరచినవి. 'అక్వేరియమ్' అను పేరు ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన గ్రంథము వలన 1854లో వ్యాప్తిలోనికి వచ్చినది గాని, మొక్క, చేప, నత్త అను మూడింటి కూటమి అంతకు ముందే కుదిరినది. మొక్కలు అమోనియాను, నైట్రేటును కూడ ఆహారముగా గ్రహించును. ప్లాస్టిక్ మొక్క వీటిలో ఏ ఒక్క పనియు చేయజాలదు. పైగా మొక్కలు లేని తొట్టెలో గప్పీ పిల్లలకు తల్లి నోటినుండి దాగుకొనుటకు చోటుండదు.

కావున దోషము ఎచట ఉన్నదో వెదకినాము. మూతి కొలతలు తీసినాము. గొట్టపు చివర బిగించియున్న ప్లాస్టిక్ తొడుగునకు ఇరువది చీలికలు ఉన్నవి. ఒక్కొక్కటి 2 మిల్లీమీటర్ల వెడల్పు, 25 మిల్లీమీటర్ల పొడవు. మొత్తము వైశాల్యము 10 చదరపు సెంటీమీటర్లు. గంటకు 600 లీటర్లనగా సెకనుకు 167 ఘనపు సెంటీమీటర్లు. భాగించి చూడగా ఆ చీలికలవద్ద నీటి వేగము సెకనుకు సుమారు 17 సెంటీమీటర్లు. తెగిన ఆకును ఈడ్చుకొని వచ్చుటకు ఈ వేగము చాలును. ఒక ఆకు వచ్చి కొన్ని చీలికలను కప్పినదనుకొందుము. మిగిలిన చీలికల గుండా నీరు మరింత వేగముగా పోవలసివచ్చును. మూడువంతులు కప్పబడినప్పుడు, తోడు నీరు తగ్గనంతవరకు, ఆ వేగము నాలుగింతలై సెకనుకు 67 సెంటీమీటర్లగును. తోడునీరు కొంత తగ్గును నిజమే, అయినను తెరచియున్న కొద్దిపాటి సందువద్ద లాగుడు బలము పెరుగుచునే పోవును. అనగా మూతి మూసికొనుకొలది అది మరిన్ని ఆకులను తనవైపు గుంజుకొనును. మొదటి ఆకు చేరిన పిమ్మట రెండవ ఆకునకు దారి సుగమమగును. మేము సెలవులలో ఉండగా జరిగినది ఇదే.

ఆకులు కాదు, మూతి ఇరుకుదనమే దోషము. ఈ సంగతి మాకు గ్రంథములకన్న ముందు ఓడరేవు తెలిపినది. మా బృందములోని ఒక విద్యార్థి తండ్రిగారు ఓడ ఇంజనులపై పనిచేసినవారు. తొట్టెను చూచి, "ఓడకు కూడ ఇదే తంటా బాబూ" అని నవ్వినారు. 1933లో ప్రారంభమైన మన రేవులోనికి వచ్చు ప్రతి ఓడయు తన ఇంజను చల్లబడుట కొరకు సముద్రపు నీటిని పీల్చుకొనును. ఓడ అడుగుభాగమున ఇందుకై 'సీ చెస్ట్' అను పెట్టెవంటి గూడు ఉండును. దాని ముఖమునకు ఊచల తెర ఉండును. ఆ తెరలో నీరు దూరు ఖాళీ వైశాల్యము, లోపలి గొట్టముల వైశాల్యమునకు కనీసము రెండింతలు ఉండవలెనని ఓడల వర్గీకరణ సంస్థల నిబంధన. తెర వెనుక గంపవంటి స్ట్రెయినరు ఉండును. కొన్నింటిలో జంట స్ట్రెయినర్లు ఉండి, ఒకటి శుభ్రపరచునప్పుడు రెండవది పనిచేయును. రేవులో నీరు లోతు తక్కువైనప్పుడు అడుగు బురద రాకుండుటకు పై పీల్పును తెరచెదరు. తెరకు నాచు పట్టినచో ఆవిరితోనో, పీడన గాలితోనో వెలుపలికి ఊదివేయు ఏర్పాటు కూడ కలదు.

ఇట్టి ఏర్పాట్లు ఓడకు మాత్రమే పరిమితము కావు. విశాఖ ఉక్కు కర్మాగారమునకు ఏలేరు జలాశయపు నీరు సుమారు 153 కిలోమీటర్ల కాలువలో ప్రయాణము చేసి కణితి జలాశయమును చేరును. ఇంతదూరము బయట పారు నీటిలో ఆకు, అలము, నాచు కలియకుండ ఉండునా? ఏ పెద్ద పంపుగృహమైనను ముందు ఊచల తెరను, దాని వెనుక సన్నని తెరను పెట్టుకొనియే నీరు తోడును. మా వంద లీటర్ల తొట్టెకును అదే సూత్రము వర్తించును.

అయితే సూత్రము తెలిసినంత మాత్రాన పని కుదరలేదు. మొదటి ప్రయత్నముగా దోమతెర గుడ్డను మూతికి బిగుతుగా చుట్టి దారముతో కట్టినాము. మరునాటికే దానిపై జిగట పొర ఏర్పడి ధార మునుపటికంటె సన్నగిల్లినది. తప్పు ఏమనగా, కన్నము సన్నగించినాము గాని వైశాల్యమును పెంచలేదు. తెర ఎంత సన్ననిదో అంత పెద్దదిగా ఉండవలెను. రెండవసారి ముతక ప్లాస్టిక్ జాలీని – ఈ 'జాలీ' ఉర్దూ పలుకుబడి మన తెలుగిండ్లలో ఎంతగా కలిసిపోయినదో చూడుడు – తొట్టె మూలలో నిలువుగా అడ్డము పెట్టి, దాని వెనుక పీల్పు గొట్టమును ఉంచినాము. ఆకు ముక్కలు జాలీవద్ద ఆగి, చేతితో తీయుటకు అనుకూలముగా నిలిచినవి. మూడవ మెట్టుగా గొట్టపు మూతికి స్తంభాకారపు స్పాంజిని తొడిగినాము. దాని వ్యాసము 6 సెంటీమీటర్లు, ఎత్తు 10. చుట్టుకొలత వైపు ఉపరితలము సుమారు 188 చదరపు సెంటీమీటర్లు. ఇప్పుడు నీరు స్పాంజిని చేరు వేగము సెకనుకు ఒక సెంటీమీటరునకు లోపే! ఆకు దాని ప్రక్కగా తేలిపోవును గాని అతుకుకొనదు. అప్పుడే పుట్టిన గప్పీ పిల్ల కూడ దానివద్ద నిశ్చింతగా ఈదుకొని పోవుచున్నది. మునుపు ఎన్ని పిల్లలు గొట్టములోనికి పోయినవో మాకు లెక్క తెలియదు.

జాలీ, స్పాంజి కొనునప్పుడు కొంత జాగ్రత్త అవసరము. రాగి జాలీని, జింకు పూత పూసిన ఇనుప జాలీని వాడరాదు. వాటినుండి కరగు లోహము నత్తలకు, రొయ్యలకు, అధికమైనచో చేపలకు కూడ హాని చేయును. గిన్నెలు తోము స్పాంజిలలో కొన్నింటికి క్రిమినాశక మందులు పట్టించియుందురు. అక్వేరియము దుకాణములలో దొరకు ముతక రంధ్రముల స్పాంజియే శ్రేయస్కరము. చేపల రేవునుండి పాత వలముక్క తెచ్చి వాడవచ్చునని ఒక మిత్రుడు సలహా ఇచ్చినాడు గాని, దాని కన్నులు ఆకును ఆపజాలనంత పెద్దవి.

ఇక మొక్కల విషయము. అన్ని మొక్కలును ఒకే విధముగా ఇబ్బంది పెట్టవు. వాలిస్నేరియా ఆకులు నాడాలవలె పొడవుగా పెరిగి, లోతు తక్కువైన తొట్టెలో నీటిపై పరచుకొని, ప్రవాహము వెంట మూతివైపు చేరును. దీనిని మధ్యలో కత్తిరించినచో తెగిన అంచు కుళ్ళి రోజుల తరబడి ముక్కలు రాలుచుండును. ముదురాకును మొదటికంట పీకివేయుటయే సరియైన పద్ధతి. హైడ్రిల్లా మన చెరువులలో తానై పెరుగు నాచు. ఇది కణుపువద్ద సులభముగా విరుగును, విరిగిన ప్రతి ముక్కయు క్రొత్త మొక్కగా ఎదుగును. మా స్పాంజి మడతలో ఒక ముక్క వేళ్ళు తొడుగుట మేము కన్నులారా చూచినాము. కబొంబా, సెరటోఫిల్లమ్ అనునవి అన్నింటికన్న మోసకారులు. చూపునకు ఎంతో సుకుమారములు, కాని వేడి పెరిగినను, వెలుతురు తగ్గినను సూదులవంటి ఆకులను రాల్చివేయును. ఆ సూదులు చీలికల గుండా దూరి, లోపల తిరుగు రెక్కల చక్రమునకు చుట్టుకొని మోటారునే ఆపివేయగలవు. క్రిప్టోకొరైన్‌ను ఒకచోటినుండి మరియొకచోటికి మార్చిన కొలదిరోజులలో ఆకులన్నియు కరగిపోవుట కద్దు. మొక్క చచ్చినదని భయపడి పెరికివేయవద్దు, దుంపనుండి మరల చిగురించును. అట్టి వారములలో మాత్రము స్పాంజిని రోజువిడిచి రోజు చూడవలెను. నీటిపై తేలు చిన్నాకుల లెమ్నా, పీల్పు మూతి నీటి మధ్యభాగమున ఉన్నంతవరకు మనజోలికి రాదు.

మూతిని నేలకు ఆనించక కనీసము నాలుగైదు సెంటీమీటర్లు పైకి ఉంచవలెను. ఓడ పై పీల్పును తెరచు కారణమే దీనికిని కారణము. దట్టమైన మొక్కలను మూతికి దూరపు చివర నాటి, మూతి చుట్టూ జానెడు మేర ఖాళీగా విడువవలెను. ధారను ఉపరితలము వెంట పొడవుగా పడునట్లు త్రిప్పినచో, రాలిన ఆకు పైననే తిరిగి తిరిగి ఒక మూలకు చేరును. ఏ మూలకు చేరునో రెండురోజులు గమనించి, అచటనే జాలీని నిలుపవలెను. వారింగ్టన్ చూపిన నత్త కూడ మంచి సహాయకారియే. కాని దాని పిల్లలు మితిమీరినచో అవియే మూతిలో దూరుట ఆరంభించును!

మూసికొనుటను ముందుగా పసికట్టుటకు మేము వాడు పద్ధతి చాల తేలికయైనది. లీటరు కొలపాత్రను ధారక్రింద పట్టి, నిండుటకు పట్టు కాలమును గడియారముతో చూతుము. గంటకు 600 లీటర్ల లెక్కన ఆరు సెకనులలో నిండవలెను. తొమ్మిది సెకనులు పట్టినదనగా ప్రవాహములో మూడవవంతు తగ్గినదన్నమాట. ఆ రోజున స్పాంజిని పిండవలెను. పిండుటలో ఒక నియమము కలదు. కుళాయి నీటితో కడుగరాదు. పురపాలక సంఘపు నీటిలో క్లోరిన్ ఉండును, అది రోగక్రిములతో పాటు మనకు కావలసిన సూక్ష్మజీవులను కూడ చంపును. తొట్టెనుండి తోడిన నీటినే బక్కెట్టులో పోసి, అందులో స్పాంజిని రెండు మూడుమారులు మెల్లగా నొక్కి తిరిగి తొడిగిన చాలును. ఓడలలోని జంట స్ట్రెయినర్లను చూచి మేమును రెండు స్పాంజిలు ఉంచుకొన్నాము. మూతి స్పాంజిని, యంత్రములోని స్పాంజిని ఒకే వారమున కడుగము.

తీసివేసిన మొక్కలను ఎచట పారవేయుదురు? ప్రక్కనున్న గెడ్డలోనికి అని సమాధానమిచ్చినవారు చాలమంది. మా మనవి ఏమనగా, దయచేసి అట్లు చేయవద్దు. నేడు మన చెరువులను, గెడ్డలను కప్పివేయు గుర్రపుడెక్క దక్షిణ అమెరికానుండి అందమైన పూవు కొరకు మనదేశమునకు తెచ్చుకొన్న మొక్కయే. దాని బాధ భరించలేక బెంగాలులో 1936లో ఒక చట్టమునే చేయవలసివచ్చినది. 2020లో కేరళలోని కోళిక్కోడు జిల్లా ఆవళ పాండి వద్ద తోటంతటి గులాబిరంగు పూలతో కాలువ నిండి జనము తండోపతండములుగా చూడవచ్చినది కూడ ఒక విదేశపు కబొంబాయే. పూవు చూచుటకు ముచ్చటయే, కాని దాని క్రింద నీరు పారుట ఎట్లు? మా తొట్టె ముక్కలను ఎండలో పరచి బాగుగా ఎండిన పిమ్మట తోట ఎరువులో కలుపుచున్నాము.

విద్యుత్తు ఆగినప్పటి సంగతి కూడ చెప్పవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నగరముపై విరుచుకొనిపడినప్పుడు అనేక ప్రాంతములలో రోజుల తరబడి విద్యుత్తు లేదు. అట్టి సమయమున మూసియున్న యంత్రములో నిలిచిన నీరు కుళ్ళును. విద్యుత్తు రాగానే మీట నొక్కినచో ఆ కుళ్ళునీరంతయు తొట్టెలోనికి పడి, అంతవరకు బ్రదికియున్న చేపలను కూడ చంపగలదు. ముందు యంత్రపు నీటిని బయట పారబోసి, స్పాంజిని తొట్టెనీటిలో పిండి, పిమ్మటనే నడుపవలెను. బ్యాటరీతో నడచు చిన్న గాలిపంపు ఒకటి దగ్గర ఉన్నచో ఆ రోజులు గడచిపోవును. మేతను పూర్తిగా ఆపవలెను. ఆరోగ్యముగా ఉన్న పెద్దచేప కొద్దిరోజులు మేత లేకున్నను బ్రదుకును, ఆ మేత కుళ్ళిన నీటిలో బ్రదుకదు.

కొన్ని మసీదుల హౌజులలో చేపలను పెంచు ఆచారము మన విద్యార్థులలో అనేకులు చిన్ననాటినుండి చూచినదే. ఆ హౌజులకు మోటారు లేదు, స్పాంజి లేదు. విశాలమైన నీరు, కొద్ది చేపలు, ప్రతిదినము చూచు ఒక మనిషి ఉన్నారు. మా తొట్టెకు నీరు తక్కువ, చేపలు ఎక్కువ. కనుకనే ప్రతిదినము చూచు మనిషి మరింత అవసరము. కమిటీ పెద్దలు మొక్కలను ఉంచుటకు దయతో సమ్మతించినారు. ఇక మిగిలినది ఒక్క కోరిక. రానున్న వేసవి సెలవులలో ప్రయోగశాల తాళపుచెవిని కార్యాలయములో బీరువాలో పెట్టక, కళాశాలలోనే నివసించు కావలిదారు వద్ద ఉంచవలెను. లీటరు పాత్ర, గడియారము తొట్టె ప్రక్కనే పెట్టినాము. ఆరు సెకనులు, తొమ్మిది సెకనులు అను రెండు అంకెలను తెలుగులోను ఉర్దూలోను వ్రాసి గోడకు అంటించినాము. ఇకమీదట సెలవులకు ముందురోజు కత్తెర పట్టుకొనబోమని మేము ఇందుమూలముగా మాట ఇచ్చుచున్నాము.